ఖాళీగా తిరిగే పికప్పుకు చలికాలపు టైర్లు

ప్రశ్న: మూడేళ్లు కెనడాలోని సర్రేలో (బ్రిటిష్ కొలంబియా) ఉండి ఈ వేసవిలో కాల్గరీకి (అల్బర్టా) మారాను. ఇళ్లను వెచ్చగా ఉంచే ఫర్నేసులు బిగించడం, మరమ్మతు చేయడం నా పని. అందుకోసం 2018 నాటి ఫోర్డ్ ఎఫ్-150 కొన్నాను. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది. 20 అంగుళాల రిమ్ములకు 275/55ఆర్20 ఆల్ సీజన్ టైర్లు ఉన్నాయి. వాటి మీద ఎం ప్లస్ ఎస్ అని రాసి ఉంది. వెనక తొట్టిలో పనిముట్ల బరువు వంద కిలోలకు మించదు. నెలకు రెండు మూడు సార్లు చిన్న ట్రైలరు తగిలిస్తాను. ఉదయం పూట ఇదే బండిలో నా భార్య పిల్లలను బడి దగ్గర దింపుతుంది. సంక్రాంతికి సర్రేలో ఉన్న అన్నయ్య ఇంటికి వెళ్లాలని ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నాక వేరే టైర్లెందుకని మిత్రులు అంటున్నారు. ఒక టైర్ల షాపువాళ్లు, పికప్పు కాబట్టి టెన్ ప్లై టైర్లే వేయించుకోవాలని చెప్పారు. ఖర్చు తగ్గించుకోవడానికి వెనక రెండు మాత్రమే మారిస్తే సరిపోతుందా? ఏ టైర్లు కొనమంటారు?
— ఒక పాఠకుడు, కాల్గరీ

సమాధానం: ముందుగా సూటిగా జవాబులు చెప్పి, కారణాలు ఆ తర్వాత వివరిస్తాను. టైర్లు నాలుగూ మార్చండి. రెండే మార్చే ఆలోచన మానుకోండి. మూడు శిఖరాల కొండ మధ్యలో మంచు రేకు ఉన్న గుర్తు చూసుకుని, అసలైన చలికాలపు టైర్లే తీసుకోండి. మీరు మోసే బరువుకు టెన్ ప్లై అనే భారీ బరువుల టైరు అక్కర్లేదు. మీ బండికి దానివల్ల మేలుకన్నా కీడే ఎక్కువ. వీలైతే 20 అంగుళాల రిమ్ములను వేసవికి దాచిపెట్టి, 18 లేదా 17 అంగుళాల రిమ్ముల మీద విడిగా ఒక సెట్టు కట్టించుకోండి. ఇదంతా అక్టోబరు మొదటి వారానికల్లా పూర్తి చేసుకోవడం మంచిది. మొదటి మంచు పడిన మర్నాడు ఊళ్లోని టైర్ల షాపులన్నిటి ముందూ బండ్లు బారులు తీరతాయి. ఆ రోజు వెళ్తే మనకు కావలసిన సైజు కాకుండా, అందరూ కొనగా మిగిలిన సైజు దొరుకుతుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది మీ వృత్తి. ఉష్ణోగ్రత మైనస్ 30కి పడిపోయిన రాత్రి చాలామంది ప్రయాణాలు మానుకుని ఇంట్లో ఉండిపోగలరు. మీరు ఉండలేరు, ఎందుకంటే ఫర్నేసు ఆగిపోయిందని మీకు ఫోన్లు వచ్చేది సరిగ్గా ఆ రాత్రే. ఇసుక చల్లే బండి ఇంకా రాని వీధుల్లో, ఎవరూ తొక్కని మంచు మీద, తెల్లవారుజామున మీరు తిరగాలి. కాబట్టి కాల్గరీలో నడిమిరకం టైర్లతో నెట్టుకొచ్చేవాళ్ల అనుభవాన్ని మీరు కొలతగా తీసుకోకండి. వాళ్లు మంచి రోజులు చూసుకుని బయటికి వస్తారు.

ఇక పికప్పు స్వభావం. ఇంజను, గేరుబాక్సు, క్యాబు, కూర్చున్న మనుషులు అంతా ముందువైపు ఉంటారు. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు బండి బరువులో సగానికన్నా బాగా ఎక్కువ భాగం ముందు ఇరుసు మీదే పడుతుంది, వెనక చక్రాలు నేలను తేలిగ్గా తాకుతూ నడుస్తాయి. ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. బరువు ఇరుసుకు ముందు పడిందా వెనక పడిందా అన్నదాన్ని బట్టి కాడి ఎద్దుల మెడ మీద నొక్కుతుందో పైకి లేస్తుందో వాళ్లకు తెలుసు. పికప్పును బరువు మోయడానికి కట్టారు కాబట్టి దాని వెనక కమాను పట్టీలు గట్టివి. ఖాళీగా ఉన్నప్పుడు అవి వంగక, చిన్న గతుక్కే వెనక భాగం ఎగిరిపడుతుంది. నున్నగా ఉన్న మంచు మీద మలుపు తిరుగుతూ యాక్సిలరేటరు కాస్త గట్టిగా నొక్కితే తోక పక్కకు జారడానికి కారణం ఇదే. ఈ బలహీనతను మనసులో పెట్టుకుని టైరును ఎంచుకోవాలి. బరువు మోసే బండి కదా అని బరువు మోసే టైరును ఎంచుకుంటే, బండి ఎప్పుడో చేసే పనిని చూసి, అది రోజూ చేసే పనిని వదిలేసినట్టవుతుంది.

మీ మిత్రులు చెప్పిన ఫోర్ వీల్ డ్రైవ్ మాటలో సగం నిజముంది. ఆగి ఉన్న బండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి, పేరుకున్న మంచులోంచి బయటపడడానికి అది నిజంగానే గొప్ప సాయం. అయితే బ్రేకు నొక్కినప్పుడు ప్రతి బండికీ నాలుగు చక్రాలే, నాలుగు బ్రేకులే. ఆపడంలో, మలుపు తిప్పడంలో ఫోర్ వీల్ డ్రైవ్ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అక్కడ పనిచేసేది టైరు రబ్బరు మాత్రమే. నేను ఈ దేశానికి వచ్చిన మొదటి చలికాలంలో ఎడ్మంటన్‌లో నాకు ఎదురైన సంఘటన చెబుతాను. ఆల్ సీజన్ టైర్లున్న పికప్పులో ఫోర్ వీల్ డ్రైవ్ వేసుకుని ఇంటి నుంచి బయల్దేరాను. ఎక్కడా ఒక్క చక్రం కూడా ఊరికే తిరగలేదు. రోడ్డు బాగానే ఉందనుకుని, మామూలు వేగంతో ఒక కూడలి దగ్గరికి వచ్చాను. ఎర్ర దీపం పడింది, బ్రేకు నొక్కాను. కాలి కింద పెడలు గడగడ కొట్టుకుంది, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తోందని అర్థమైంది, కానీ బండి వేగం తగ్గలేదు. ఆగాల్సిన గీత దాటి, కూడలి మధ్యకు వెళ్లి నిలబడ్డాను. అటూ ఇటూ ఏ బండీ రాకపోవడం నా అదృష్టం. చక్రాలు జారకుండా కదిలాయి కాబట్టి ఆగుతాయి కూడా అనుకోవడమే నా పొరపాటు. టూ వీల్ డ్రైవ్ బండి బయల్దేరేటప్పుడే జారి హెచ్చరిస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఆ హెచ్చరికను మన దాకా రానివ్వదు.

వెనక రెండు టైర్లే మార్చడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వెనక చక్రాలకు పట్టు ఉండి ముందు చక్రాలకు లేకపోతే, స్టీరింగు తిప్పినా బండి మాట వినకుండా నిటారుగా వెళ్లిపోతుంది. ముందు రెండే మారిస్తే వెనక భాగం ముందుకు తిరిగి వచ్చేస్తుంది. పైగా బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు తూగి, ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాల మీదే పడుతుంది. అందువల్ల వెనక రెండే మార్చడమంటే ఆపే శక్తిని పెద్దగా పెంచకుండా డబ్బు ఖర్చు పెట్టడమే.

ఇక రబ్బరు సంగతి. తెలుగులో మనం పొగమంచుకూ, పచ్చిక మీది తడికీ, ఆకాశం నుంచి రాలే దూదికీ, రోడ్డు మీద గాజులా పేరుకున్న పొరకూ కలిపి మంచు అనే ఒక్క మాటే వాడతాం. టైరుకు మాత్రం ఇవన్నీ వేర్వేరు. కొత్తగా రాలిన మెత్తటి మంచులో లోతైన గాడులు దాన్ని కరిచి పట్టుకుంటాయి. తొక్కుడు పడి గట్టిపడిన మంచు మీద, బ్లేడుతో కోసినట్టు ఉండే సన్నని చీలికల అంచులు పనిచేస్తాయి. ఐసు మీద గాడులు పెద్దగా ఉపయోగపడవు, అక్కడ మెత్తటి రబ్బరే శరణ్యం. అన్నిటికన్నా ప్రమాదకరమైనది మైనస్ 30 దగ్గరి ఐసు కాదని చాలామందికి తెలియదు. సున్నా డిగ్రీల దగ్గర ఐసు మీద సన్నని నీటి పొర ఉంటుంది, అప్పుడే అది అత్యంత జారుడుగా ఉంటుంది. మన ఊళ్లలో దుమ్ము పట్టిన తారు రోడ్డు మీద తొలకరి చినుకులు పడినప్పుడు మోటారు సైకిళ్లు ఎలా జారతాయో మీరు చూసే ఉంటారు, అలాంటిదే ఇది. కాల్గరీలో ఈ పరిస్థితి మాటిమాటికీ వస్తుంది, ఎందుకంటే కొండల మీదుగా చినూక్ అనే వెచ్చటి గాలి వీచినప్పుడు కొన్ని గంటల్లోనే ఇరవై డిగ్రీలు వేడెక్కి మంచు కరుగుతుంది, రాత్రికి ఆ నీరే మళ్లీ గడ్డకట్టి డీర్‌ఫుట్ ట్రెయిల్ రహదారి మీద కంటికి కనిపించని నల్ల ఐసుగా మారుతుంది.

ఆల్ సీజన్ టైర్ల రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గేసరికి బిగుసుకోవడం మొదలవుతుంది. దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. నవంబరులో మైనస్ 15 ఉన్న ఒక ఉదయం, బయట నిలిపిన మీ బండి టైరు మీద బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కి చూడండి. పెంకు మీద నొక్కినట్టుంటుంది. పక్కింటివాళ్ల బండికి చలికాలపు టైర్లుంటే దాని మీదా నొక్కండి. గోరు కాస్త దిగుతుంది. రోడ్డు గరుకుతనంలోకి రబ్బరు అలా దిగినంత మేరకే మనకు పట్టు. బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజ్జాక్ వంటి టైర్ల రబ్బరులో కంటికి కనిపించని సూక్ష్మ రంధ్రాలు కూడా ఉంటాయి. అవి ఐసు మీది నీటి పొరను పీల్చుకుని రబ్బరును ఐసుకు ఆనిస్తాయి. 7 డిగ్రీలే గీత కాబట్టి, రోడ్డు పొడిగా కనిపించే చలి రోజున కూడా ఈ టైర్ల విలువ తగ్గిపోదు.

మీ టైర్ల మీదున్న ఎం ప్లస్ ఎస్ అంటే బురద, మంచు అని అర్థం. అది గాడుల ఆకారాన్ని బట్టి తయారీదారు వేసుకునే గుర్తు. దాని కోసం మంచు మీద ఏ పరీక్షా పెట్టరు. మూడు శిఖరాల కొండ గుర్తు వేరు. 1999లో అమెరికా, కెనడా రబ్బరు పరిశ్రమ సంఘాలు దాన్ని తీసుకొచ్చాయి. ఒక మోస్తరుగా గట్టిపడిన మంచు మీద, ప్రమాణంగా పెట్టుకున్న టైరు కన్నా కనీసం 10 శాతం ఎక్కువ లాగుడు పట్టు చూపితేనే ఆ గుర్తు వేసుకోనిస్తారు. అయితే ఆ పరీక్ష కూడా బండి ముందుకు లాగడాన్నే కొలుస్తుంది కానీ, ఐసు మీద ఆగడాన్ని కొలవదు. ఇప్పుడు ఏడాదంతా వాడుకునే ఆల్ వెదర్ టైర్ల మీదా, రాళ్ల దారుల కోసం చేసిన కొన్ని ఆల్ టెరెయిన్ టైర్ల మీదా కూడా ఈ గుర్తు కనిపిస్తోంది. సర్రేలోని మీ అన్నయ్యకు ఆల్ వెదర్ టైర్లు చక్కగా సరిపోతాయి, అక్కడ వాన ఎక్కువ, చలి తక్కువ. మీకు మాత్రం గుర్తు ఉండటంతో పాటు, టైరు చలికాలం కోసమే చేసినదై ఉండాలి.

టెన్ ప్లై విషయంలో మీకు దొరికిన సలహాను నేను గట్టిగా కాదంటున్నాను కాబట్టి, లెక్కతో సహా చెప్పాలి. ఒకప్పుడు టైరులో నూలు పొరలు ఎన్ని ఉంటే అంత బలమని లెక్కగట్టేవారు. ఆ పేరే ఇప్పటికీ నిలిచిపోయింది. ఇప్పటి టెన్ ప్లై టైరులో పది పొరలు ఉండవు. అది లోడ్ రేంజ్ ఇ అనే తరగతికి వ్యవహార నామం. దాని సైజుకు ముందు ఎల్‌టీ (లైట్ ట్రక్కు) అని ఉంటుంది, దానిలో 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) వరకు గాలి పట్టించవచ్చు. ఎఫ్-250, ఎఫ్-350 వంటి పెద్ద పికప్పులకు, తొట్టి నిండా సరుకు వేసుకుని కంకర దారుల్లో చమురు బావుల దాకా వెళ్లేవాళ్లకు అది తప్పనిసరి. మీ బండికి కంపెనీవాళ్లు ఇచ్చిన సైజుల్లో ఒకటైన 275/65ఆర్18 మామూలు చలికాలపు టైరును తీసుకుందాం. దాని మీద సాధారణంగా 116 అనే బరువు సంఖ్య ఉంటుంది; అంటే ఒక్కో టైరు 1,250 కిలోలు మోస్తుంది. కారు తరగతి టైరును ట్రక్కుకు వాడినప్పుడు ఆ అంకెను 1.10తో భాగించాలని నియమం ఉంది. అలా చేసినా ఒక్కోటి 1,136 కిలోలు, రెండూ కలిపి 2,272 కిలోలు. డ్రైవరు వైపు తలుపు తెరిస్తే స్తంభం మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. వెనక ఇరుసు గరిష్ఠంగా ఎంత మోయగలదో దాని మీద రాసి ఉంటుంది. అక్కడ 1,800 కిలోలని ఉందనుకోండి, టైర్ల శక్తి దానికి నాలుగు వందల కిలోలకు పైగా ఎక్కువే ఉన్నట్టు. మీ ట్రైలరు 1,500 కిలోలున్నా, దాని కొక్కెం బండి మీద మోపే బరువు పదో వంతు నుంచి ఏడో వంతు వరకే ఉంటుంది కాబట్టి, ఆ రెండు వందల కిలోలూ, మీ పనిముట్ల వంద కిలోలూ కలిపినా దిగులు పడాల్సిన పని లేదు. స్టిక్కరు మీది అంకెతో ఈ లెక్క మీరే ఒకసారి వేసుకోండి.

అక్కరలేని బలం ఉంటే నష్టమేమిటని మీరు అడగవచ్చు. టెన్ ప్లై టైరు పక్కభాగం మందంగా, బిరుసుగా ఉంటుంది. పైన తగినంత బరువు పడితేనే అది వంగి, నేలను నిండుగా ఆనుతుంది. మీ ఖాళీ తొట్టి కింద అది వంగదు. చీలికలు విచ్చుకోవు, అంచులు మంచును పట్టవు. ఈ తరగతి చలికాలపు టైర్లలో రబ్బరును కూడా బరువుకు, అరుగుదలకు తట్టుకునేలా చేస్తారు, అందుకని ఐసు మీద మామూలు తరగతి టైర్లంత మెత్తగా ఉండేవి అరుదు. ఇంకో చిక్కు గాలిది. ఎల్‌టీ టైరు అదే బరువును మోయడానికి మామూలు టైరు కన్నా ఎక్కువ గాలి అడుగుతుంది. ఒక షాపులో నా మిత్రుడి బండికి ఇవే టైర్లు వేసి, స్టిక్కరు మీద ఉన్న 35 పీఎస్ఐ మాత్రమే పట్టించి పంపారు. బరువు వేసిన రోజున అది చాలదు. సరిపడా పెంచితే ఖాళీ రోజున బండి బంతిలా ఎగురుతుంది. మామూలు తరగతిలో కాస్త దిటవైనది కావాలనుకుంటే, మీ సైజులో ఎక్స్ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్, అంటే కాస్త ఎక్కువ బరువు మోసేది) అని రాసి ఉన్నది దొరికినప్పుడు తీసుకోండి, అంతకు మించి వెళ్లవద్దు.

రిమ్ము సైజు చాలామంది పట్టించుకోని విషయం. మీ 275/55ఆర్20 టైరు మొత్తం ఎత్తు సుమారు 810 మిల్లీమీటర్లు. 275/65ఆర్18 ఎత్తు 815, 265/70ఆర్17 ఎత్తు 803. అంటే తేడా ఒక శాతం లోపే; స్పీడోమీటరు లెక్క తప్పదు. మారేది రిమ్ముకూ నేలకూ మధ్య ఉండే రబ్బరు ఎత్తు: ఇప్పుడు మీకున్నది 151 మిల్లీమీటర్లు, 17 అంగుళాల రిమ్ము మీద 185 దాటుతుంది. ఆ ఎత్తు వల్ల టైరు బాగా వంగుతుంది, మంచు కింద దాగిన గుంతలో పడినా రిమ్ము చొట్టపోదు. టైరు కాస్త సన్నమైతే మంచును కోసుకుంటూ రోడ్డు దాకా దిగుతుంది. వెడల్పు టైరు మంచు మీద తేలడానికి చూస్తుంది. 2018 ఎఫ్-150 చవక రకాలకు కంపెనీయే 17 అంగుళాల ఉక్కు రిమ్ములు ఇచ్చింది కాబట్టి, ఆరు బోల్టులు, 135 మిల్లీమీటర్ల బోల్టు వలయం ఉన్న ఆ రిమ్ములు బ్రేకులకు తగలకుండా కూర్చుంటాయి. ఈ ఊళ్లో వాడినవి కూడా దొరుకుతాయి. పెద్ద రిమ్ము టైరు కన్నా చిన్న రిమ్ము టైరు ధర తక్కువ. ఏటా రెండుసార్లు టైర్లను రిమ్ముల నుంచి ఊడదీసి ఎక్కించే కూలీ కూడా మిగులుతుంది కాబట్టి, రిమ్ముల ఖర్చు కొద్ది సంవత్సరాల్లోనే తిరిగొస్తుంది. ఆరు నెలలు చలికాలపు టైర్లు తిరిగినంత కాలం వేసవి టైర్లు అరగవన్న సంగతి కూడా ఈ లెక్కలో వేసుకోండి.

రకాల పేర్లు అడిగారు. మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో, బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజ్జాక్ డీఎం-వీ2, నోకియన్ హక్కపెలీట్టా ఆర్ వరుసలోని ఎస్‌యూవీ టైర్లు — ఈ మూడింటిలో మీ సైజులో ఏది దొరికినా నిశ్చింతగా కొనవచ్చు. నోకియన్ ఫిన్లాండ్ సంస్థ. లోకంలో తొలి చలికాలపు టైరును అదే 1934లో లారీల కోసం తయారు చేసింది. డబ్బు చూసుకోవాలంటే జనరల్ గ్రాబర్ ఆర్కిటిక్, ఫైర్‌స్టోన్ వింటర్‌ఫోర్స్ 2 యూవీ ఉన్నాయి. ఈ రెండిటికీ లోహపు మేకులు కొట్టించుకునే వీలుంది. అల్బర్టాలో మేకుల టైర్లకు అడ్డు లేదు, బ్రిటిష్ కొలంబియాలో అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు అనుమతి ఉంది. సున్నా దగ్గరి తడి ఐసు మీద మేకులకు మించినది లేదు. కానీ చినూక్ వచ్చి రోడ్లు ఎండిన రోజున అవి చప్పుడు చేస్తాయి, పొడి తారు మీద, తడి తారు మీద ఆగే దూరాన్ని పెంచుతాయి. కాల్గరీ నగరంలో, పిల్లలతో తిరిగే బండికి నేను మేకులు లేనివే ఎంచుకుంటాను. మీ పని ఊరికి దూరంగా పల్లె ఇళ్లకు మారితే మళ్లీ ఆలోచించవచ్చు.

వాడిన టైర్లు కొనే పక్షంలో రెండు చూడండి. పక్కభాగం మీద డీఓటీ అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ. 3521 అంటే 2021లో 35వ వారం. వరుస మొత్తం ఒక పక్కే ఉంటుంది, కాబట్టి కనిపించకపోతే లోపలి వైపు టార్చి వేసి చూడాలి. ఆరేళ్లు దాటితే వద్దు. గాడి లోతు 4 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చిన టైరు, చట్టం ఒప్పుకున్నా, మంచుకు పనికిరాదు. బ్లిజ్జాక్‌లోని సూక్ష్మరంధ్రాల రబ్బరు పైపొరలోనే ఉంటుంది. సగానికి పైగా అరిగినదాన్ని ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దు.

తొట్టిలో బరువు వేయాలా అని మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు మీకు చెబుతారు. నాలుగు టైర్లూ మంచివైతే, ఫోర్ వీల్ డ్రైవ్ బండికి అది తప్పనిసరి కాదు. వేయదలిస్తే 27 కిలోల ఇసుక సంచులు మూడు నాలుగు చాలు. వాటిని తొట్టి చివర తలుపు దగ్గర కాకుండా వెనక ఇరుసుకు సరిగ్గా పైన, లేదా కాస్త ముందు, పట్టీలతో బిగించి కట్టండి. కట్టని సంచి గట్టిగా బ్రేకు వేసిన క్షణంలో క్యాబు వైపు దూసుకొస్తుంది. బరువు పెరిగితే బండి త్వరగా ఆగుతుందని మాత్రం అనుకోకండి. వెనక భాగం కుదురుగా రావడమే దాని ప్రయోజనం.

గాలి విషయంలో ఒక చిన్న లెక్క మీ భార్యకు కూడా చెప్పండి. ఉష్ణోగ్రత ప్రతి ఐదారు డిగ్రీలు పడినప్పుడల్లా టైరులో దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. 15 డిగ్రీలున్న గ్యారేజీలో 35 పట్టించారనుకోండి. బండి మైనస్ 25లో రాత్రంతా బయట నిలబడితే తెల్లారేసరికి 28కి వస్తుంది. డాష్‌బోర్డు మీది హెచ్చరిక దీపం నాలుగో వంతు తగ్గితే గానీ, అంటే 26 దాకా పడితే గానీ వెలగదు. దీపం వెలగలేదు కాబట్టి అంతా బాగుందని మీరనుకునే ఆ ఉదయం, టైరులో ఏడు పీఎస్ఐ తక్కువగా ఉంటుంది. పెద్ద చలి మొదలైన రోజున బయటే, బండి కదలక ముందే, చేతి గేజీతో చూసి కొట్టించండి. కొత్త రిమ్ములకు గాలి సెన్సర్లు పెట్టించడం మరిచిపోకండి. అవి లేకపోతే ఆ దీపం చలికాలమంతా ఊరికే వెలుగుతూ ఉండి, నిజమైన హెచ్చరికను కప్పేస్తుంది.

సంక్రాంతి ప్రయాణం దాదాపు 950 కిలోమీటర్లు. బాన్ఫ్ దాటి కికింగ్ హార్స్ కనుమ, గోల్డెన్, ఆ తర్వాత 1,330 మీటర్ల ఎత్తున రోజర్స్ కనుమ, రెవెల్‌స్టోక్, కామ్‌లూప్స్, చివరికి కోకిహల్లా రహదారి. జనవరి నడుమ ఈ దారిలో అన్ని రకాల మంచూ ఒకే రోజు ఎదురవుతుంది. బ్రిటిష్ కొలంబియా కొండ దారుల మీద అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు చలికాలపు టైర్లు తప్పనిసరి. కొండ గుర్తు గాని, ఎం ప్లస్ ఎస్ గాని ఉండి, గాడి లోతు కనీసం 3.5 మిల్లీమీటర్లు ఉంటే చట్టం ఒప్పుకుంటుంది. మీ పాత టైర్లు ఆ నియమాన్ని దాటగలవు గానీ, రోజర్స్ కనుమ దిగుడులో పిల్లలు వెనక కూర్చున్నప్పుడు పోలీసు తనిఖీ దాటితే చాలనే లెక్క పనికిరాదు. ఆ కనుమలో మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉన్నప్పుడు రహదారి మూసేస్తారు. కాబట్టి ఒక పగలంతా చేతిలో ఉంచుకుని, రెవెల్‌స్టోక్‌లో గాని కామ్‌లూప్స్‌లో గాని రాత్రి ఆగే ఏర్పాటుతో బయల్దేరండి. పొడి రోడ్డు వచ్చినప్పుడు ఫోర్ హై (నాలుగు చక్రాలూ లాగే స్థితి) నుంచి టూ హైకి (వెనక రెండే లాగే స్థితికి) మార్చండి. పొడి తారు మీద అలాగే నడిపితే ముందు వెనక ఇరుసులు ఒకదాన్నొకటి బిగబట్టి గేరుభాగాలు దెబ్బతింటాయి. మంచు మీద క్రూజ్ కంట్రోల్ వాడవద్దు.

టైర్లు వేయించుకుని షాపు నుంచి బయటికి రాకముందే నాలుగింటి చుట్టూ ఒకసారి తిరిగి, పక్కభాగం మీద బాణం గుర్తు ఉంటే అది బండి ముందుకు కదిలే వైపు తిరిగి ఉందో లేదో చూడండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు గట్టిగా లాగడం, గట్టిగా ఆపడం చేయకుండా నడిపితే రబ్బరు మీది నున్నటి పొర అరిగి అసలు పట్టు బయటికి వస్తుంది. 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లను, బిగువును కొలిచే టార్క్ పానతో మళ్లీ బిగించాలి. మీ బండికి ఆ బిగువు 150 పౌండు-అడుగులు. కొత్త రిమ్ము కూర్చునేటప్పుడు నట్లు కాస్త వదులవడం మామూలే, షాపులో బిగించిన దాన్ని నమ్ముకుని వదిలేయకండి. ఆ పానను సీటు వెనకే పెట్టుకుని, సర్రేకు బయల్దేరే ముందు రోజు ఇంకోసారి చూసుకోండి.